ఆరవ హెన్రీని వెదుక్కుంటూ నాలుగు ఊళ్ళు

తొమ్మిది నెలలు నిండకముందే ఇంగ్లండుకు రాజై, ఫ్రాన్సులో కలే పట్టణం తప్ప సమస్తమూ పోగొట్టుకుని, కిరీటాన్ని రెండుసార్లు చేజార్చుకున్న ఆరవ హెన్రీ కథ చదివినప్పటి నుంచి, ఆయన గుర్తులు మిగిలిన చోట్లను చూడాలన్న కోరిక ఉండేది. ఇందుకు నాలుగు రోజులు కేటాయించుకున్నాను.

మొదట కేంబ్రిడ్జి. అక్కడి కింగ్స్ కాలేజీ ప్రార్థనాలయానికి ఆయన 1446లో శంకుస్థాపన చేశాడు. వెలుపలి గోడను శ్రద్ధగా చూస్తే కింద తెల్లరాయి, పైన పసుపు ఛాయ రాయి కనిపిస్తాయి. 1461లో ఆయన పదవి పోయి పని ఆగి, తరువాత వేరే రాళ్ళతో మొదలైన జాడ అది. విసనకర్రల్లా విచ్చుకున్న రాతి కప్పు 1515కు గానీ పూర్తికాలేదు. పగటి టికెట్టు ఖరీదెక్కువ. కాలేజీ నడిచే రోజుల్లో సాయంకాల ప్రార్థనకు వెళ్తే ప్రవేశం ఉచితం, పైగా గాయకుల పాటా వినవచ్చు.

లండన్ టవర్‌లో జనమంతా కిరీటాల వైపే నడుస్తారు. హెన్రీ 1471 మే 21న కన్నుమూసింది ఈ కోటలోనే. వేక్‌ఫీల్డ్ టవర్‌లో ప్రార్థన చేస్తుండగా చంపారని చెప్పుకుంటారు. దుఃఖంతో పోయాడని, సింహాసనం కోసం ఆయనతో పోరాడి గెలిచిన యార్కు వంశంవారు ప్రకటించారు. నమ్మడం కష్టం. ఆ చిన్న గది కోసమే అయితే ఇంత టికెట్టు దండగ.

నాకు ఎక్కువ నచ్చినది ట్యూక్స్‌బరీ. ఊళ్ళో రైల్వే స్టేషను లేదు, ఆష్‌చర్చ్‌లో దిగి బస్సు ఎక్కాలి. బస చేసిన పాత కలప ఇంటి సత్రంలో అడుగు వేస్తే నేల కిర్రుమనేది, ఒక ఉదయం వేడినీళ్ళు రాలేదు. అయినా గది శుభ్రం, యజమానురాలి మాట మన్నన. ఊళ్ళోని పాత మఠపు చర్చిలో ప్రవేశ రుసుము లేదు, హుండీలో తోచినంత వేయవచ్చు. హెన్రీ ఏకైక కుమారుడు ఎడ్వర్డు, పదిహేడేళ్ళవాడు, 1471 మే 4 యుద్ధంలో మరణించి ఇక్కడే నేల కింద ఉన్నాడు. వాడు పుట్టిన 1453లో తండ్రి మతి తప్పి, బిడ్డను తెచ్చి చూపించినా పలకలేదు. మరుసటి ఏడాది క్రిస్మస్ తరువాతే తెలివి వచ్చి కొడుకు పేరు అడిగాడు. ఇన్నాళ్ళూ ఆ బిడ్డ హక్కు కోసం పోరాడినది తల్లి, ఆంజూ మార్గరెట్. సమాధి ఫలకం వాడిని తల్లికి ఏకైక వెలుగు అంటుంది. తల ఎత్తితే, కప్పు మీద శత్రువైన యార్కు వంశపు చిహ్నం, సూర్యబింబాలు బంగారు రంగులో మెరుస్తున్నాయి. ఇంత క్రూరమైన అలంకరణను నేను మరెక్కడా చూడలేదు.

చివరిది విండ్సర్, హెన్రీ పుట్టిన ఊరు. వాటర్లూ నుంచి నేరుగా రైలుంది. ఆదివారం సెయింట్ జార్జి ప్రార్థనాలయంలోకి సందర్శకులను రానివ్వరు. హెన్రీ సమాధి దక్షిణం వైపు, ఆయన్ను గద్దె దించిన యార్కు వంశపు రాజు నాలుగవ ఎడ్వర్డుది ఉత్తరం వైపు. ఒకదాని నుంచి మరొకదానికి నడవడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.