ఫాక్స్‌ప్రో నుంచి పోస్ట్‌గ్రెస్‌కు: ఆస్పత్రి రిపోర్టుల విభాగంలో మూడేళ్ల వాడకం

ఒంగోలులో 300 పడకల ఆస్పత్రి. బిల్లింగు ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేసులో, ల్యాబు ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008లో, నెలాఖరు రిపోర్టులు ఎక్సెల్‌లో. మూడేళ్లుగా ఈ డేటా అంతా ఒకే లినక్స్ సర్వరు మీది పోస్ట్‌గ్రెస్ డేటాబేసులోకి చేరుతోంది. లెక్కల సూత్రాలు డీబీటీలో, డ్యాష్‌బోర్డులు మెటాబేస్‌లో. ఈ డీబీటీ ఖాతాలో డబ్బు పడే డీబీటీ కాదు లెండి. ఎస్‌క్యూఎల్ క్వెరీలను వరసగా నడిపి, ఫలితాన్ని పరీక్షించే పనిముట్టు. మూడింటికీ ఉచిత వెర్షన్లున్నాయి. ఖర్చంతా సర్వరుకూ, దాన్ని చూసుకునే మనిషికీ.

మారడం మంచిదే, మారక తప్పదు కూడా. ఫాక్స్‌ప్రో 9కి కంపెనీ మద్దతు 2015 జనవరిలో, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008కి 2019 జులైలో ఆగిపోయాయి. అలాగని ఈ సైజు ఆస్పత్రికి స్పార్కు, లేక్‌హౌస్ అంటూ భారీ డేటాకు వాడే సరంజామాకు కొటేషన్లు పట్టుకొచ్చేవాళ్లకు ఓ దణ్ణం పెట్టి పంపేయొచ్చు. స్కాన్ల బొమ్మలు పక్కనపెడితే పదకొండేళ్ల డేటా 40 జీబీ లోపే. 8 కోర్లు, 32 జీబీ ర్యామ్, ఒకదానికొకటి నకలుగా నడిచే రెండు ఎస్‌ఎస్‌డీలు చాలు. రాత్రి 2కి మొదలైన లోడు ఉదయం ఓపీ తెరిచేలోపు అయిపోతుంది.

కష్టమంతా ఫాక్స్‌ప్రో డేటా దాచే డీబీఎఫ్ ఫైళ్ల దగ్గరే. ఫాక్స్‌ప్రోలో రికార్డు డిలీట్ చేస్తే పోదు. రికార్డు మొదటి బైటులో నక్షత్రం గుర్తు పడుతుంది, అంతే. నిజంగా తుడిచేసే ‘ప్యాక్’ కమాండు కొట్టేదాకా ఫైల్లోనే ఉంటుంది. లోడు చేసే స్క్రిప్టు ఆ గుర్తు చూడకపోతే రద్దయిన బిల్లులన్నీ లేచి కూర్చుంటాయి. పైగా ఒక్కో ఫైలు 2 జీబీ దాటకూడదు కాబట్టి ఏడాదికో బిల్లుల ఫైలు, ఏటా ఏప్రిల్ 1న నంబరు మళ్లీ 1 నుంచి. బిల్లు నంబరు ఒక్కదానితో పట్టికలను జాయిన్ చేస్తే (కలిపితే) ఒక్క అపెండిక్స్ ఆపరేషనుకు పదకొండు బిల్లులు తగులుకుంటాయి. ఆర్థిక సంవత్సరం, కౌంటరు, బిల్లు నంబరు మూడూ కలిస్తేనే ఒక బిల్లును విడిగా గుర్తుపట్టే కీ.

ఖాళీ తేదీలది ఇంకో తమాషా. డ్రైవరు ద్వారా చదివితే ఖాళీ తేదీ 30-12-1899 అయి వస్తుంది. పుట్టినతేదీ రాయించుకోని కాన్పు కేసు, డ్యాష్‌బోర్డులో 120 ఏళ్లు దాటిన బాలింతగా దర్శనమిస్తుంది. ఆ తేదీని నల్ (విలువ లేదు అని) చేసే నిబంధన మొదటిరోజే పెట్టాలి.

టైమ్‌జోను తప్పు ఇంత తేలిగ్గా దొరకదు, ఎందుకంటే మొత్తాలు సరిగ్గానే ఉంటాయి. సర్వరు యూటీసీలో (మన టైముకు ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) రోజులు లెక్కగడితే అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజాము 5:30 దాకా చేరినవాళ్లు ముందురోజు ఖాతాలో పడతారు. క్యాజువాలిటీకి రాత్రి 12:40కి వచ్చిన హైవే యాక్సిడెంటు, నిన్న సాయంత్రం 7:10 అయిపోతుంది. ఒకటో తేదీన అయితే నెలే మారిపోతుంది. టైమ్‌స్టాంపును (తేదీ, సమయం) జోను లెక్కలోకి తీసుకునే timestamptz రకంలో దాచి, డేటాబేసులోనూ డ్యాష్‌బోర్డులోనూ ఏషియా/కోల్‌కతా అని పెట్టాలి. ఒకచోట పెట్టి రెండోచోట మరిస్తే రెండు రిపోర్టులు రెండు మాటలు చెబుతాయి.

జిల్లాలవారీ రిపోర్టు మన దగ్గర ప్రత్యేకంగా తలనొప్పి. 2022 ఏప్రిల్ 4న కందుకూరు నెల్లూరు జిల్లాలోకి, చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. పాత మాస్టరు పట్టికలో మండలానికి ఒకటే జిల్లా. దాన్ని దిద్దితే పాత ఏళ్ల లెక్కలు తారుమారు, వదిలేస్తే కొత్తవి తప్పు. జిల్లా పేరు పక్కన ‘ఎప్పటినుంచి’, ‘ఎప్పటిదాకా’ అని రెండు తేదీలు పెట్టి, అడ్మిషను తేదీతో జాయిన్ చేయాలి. సరిహద్దులు మళ్లీ కదిలినప్పుడల్లా పట్టికలో పాత వరసకు ముగింపు తేదీ వేసి, కొత్త వరస చేరిస్తే సరి.

ఎన్టీఆర్ వైద్య సేవ క్లెయిములు నెలల తర్వాత కూడా స్థితి మారతాయి. పాత సాఫ్ట్‌వేరు మార్పు తేదీ రాయదు. అందుకని కొత్త వరసలు మాత్రమే తెచ్చుకునే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ప్రతి రాత్రీ గత 90 రోజుల క్లెయిములు తీసేసి మళ్లీ ఎక్కించడం మోటు పద్ధతే, కానీ నమ్మకమైనది.

పాతదీ కొత్తదీ కనీసం మూడు నెలాఖర్లు పక్కపక్కన నడపాలి. తేడా వచ్చిన ప్రతిసారీ కొత్తది తప్పని అనుకోనక్కర్లేదు. పాత ఎక్సెల్‌లో పడకల నిండుదల లెక్కలో డయాలిసిస్ మంచాలూ కలిసి ఉన్నాయి, ఆ సూత్రం ఎవరు రాశారో ఎవరికీ తెలీదు. ఏది లెక్కలోకి వస్తుందో మెడికల్ సూపరింటెండెంటు సంతకంతో కాగితం మీద ఖరారయ్యాకే ఎక్సెల్ ఆపాలి.

మెటాబేస్ డాక్టర్లకు త్వరగా అలవాటవుతుంది. దాని సొంత సమాచారం మొదట హెచ్2 అనే చిన్న డేటాబేసు ఫైల్లో ఉంటుంది. రోజువారీ వాడకానికి ముందే పోస్ట్‌గ్రెస్‌లోకి మార్చండి. విడి వరసలు తెర మీద 2,000 దాకానే కనిపిస్తాయి, డేటా పోయిందని కంగారుపడొద్దు. పేర్లు, ఫోన్ నంబర్లు వేరే స్కీమాలో (డేటాబేసులో విడి అర లాంటిది) ఉంచి, డ్యాష్‌బోర్డు యూజరుకు ఆ స్కీమా తాళమే ఇవ్వకూడదు.

మూడేళ్ల తర్వాత కూడా లొంగనివి డిశ్చార్జి సూచనలు. పాతవి యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో ఉన్నాయి. యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు చెదిరిపోయి, మందు పేరెక్కడో మోతాదెక్కడో తేలడం లేదు. వాటిని తేవడం మానేసి, పాత ఫైళ్లు రాతకు వీల్లేకుండా ఒక డిస్కులో ఉంచాం. అడిగితే రికార్డు రూములో తెరిచి చూపిస్తారు.