గ్రెవిల్ ఖనిజాల ఆచూకీ: లండన్ మ్యూజియం డేటా పోర్టల్‌పై సమీక్ష

రాయగడ, కొరాపుట్ ప్రాంతాల్లో స్థిరపడి రాళ్లమీద మక్కువ పెంచుకున్న తెలుగువారికి, లండన్‌లోని న్యాచురల్ హిస్టరీ మ్యూజియం తన నమూనాల వివరాలు వెతుక్కునేందుకు నెట్‌లో నడుపుతున్న డేటా పోర్టల్ ఎంతో ఉపయోగపడుతుంది. ఇది ఉచితం; వెతకవలసింది మాత్రం ఇంగ్లీషులోనే.

నేను దీన్ని వాడింది ఒకే పనికి. వార్విక్ ప్రభువు కుమారుడైన చార్లెస్ గ్రెవిల్ (1749–1809) జీవితమంతా పోగుచేసిన ఖనిజాలు ఆయన తరువాత ఎవరి చేతికి వెళ్లాయో తెలుసుకోవాలనుకున్నాను. ఆస్ట్రియా శాస్త్రవేత్త బోర్న్ సేకరణను కొని తన సేకరణలో కలుపుకున్న గ్రెవిల్, సాన పట్టేవారు వాడే మన కురువిందాన్ని (కోరండం) కూడా తెప్పించి, 1798లో రాయల్ సొసైటీ పత్రికలో దానిపై వ్యాసం ప్రకటించారు. ఫ్రెంచి విప్లవం వల్ల దేశం విడిచి లండన్ చేరిన కౌంట్ బూర్నన్ ఆ సేకరణపై పనిచేసి, 1802లో కురువిందం స్ఫటికాల ఆకృతిని వివరంగా వర్ణించారు. గ్రెవిల్ మరణానంతరం, 1810లో, బ్రిటిష్ మ్యూజియం సుమారు 14,800 నమూనాలున్న ఆ సేకరణను పార్లమెంటు మంజూరు చేసిన 13,727 పౌండ్లకు కొన్నది. 1881లో సౌత్ కెన్సింగ్టన్‌లో కొత్త భవనం (నేటి న్యాచురల్ హిస్టరీ మ్యూజియం) తెరుచుకోగా, ఖనిజ విభాగం అక్కడికి తరలింది. కనుక బ్రిటిష్ మ్యూజియం జాబితాల్లో వీటికోసం వెతికి లాభం లేదు.

పోర్టల్‌లో ఖనిజం పేరు, దేశం పేరు ఇచ్చి వడకట్టుకోవచ్చు. వచ్చిన ఫలితాలను పట్టికగా దించుకోవచ్చు. నమూనా నమోదు సంఖ్య అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే మ్యూజియంవారితో ఉత్తరప్రత్యుత్తరాలు జరపాలన్నా, పాత పుస్తకాల్లోని వర్ణనతో పోల్చి చూడాలన్నా అదే ఆధారం. అయితే పోర్టల్ రాయిని చూపిస్తుంది గాని, అది చేతులు మారిన కథ చెప్పదు. ఆ కథకు పాత వ్యాసాలే శరణ్యం.

మా కొండల ఖోండలైట్‌ను పగలగొడితే తుప్పు రంగు పొరల నడుమ ఎర్రటి గార్నెట్ గింజలు కనిపిస్తాయి. ఇక్కడి ఖోండు గిరిజనుల పేరనే 1902లో భూగర్భ శాస్త్రవేత్త వాకర్ ఆ శిలకు పేరు పెట్టారు. ఎక్కడ ఏరారో, ఎప్పుడు ఏరారో చీటీ లేకపోతే అంతటి రాయి కూడా చరిత్రకు అందదని ఈ వెతుకులాటలో నాకు బాగా అర్థమైంది. రాళ్లు దాచుకునే విద్యార్థులచేత ఆ చీటీ తప్పక రాయించాలి.

వాడదలచినవారు ముందుగా 1798, 1802 నాటి వ్యాసాలు చదివి, ఆ తరువాతే పోర్టల్ తెరవండి; నెట్ నిదానంగా ఉండే ఊళ్లలో బొమ్మల జోలికి పోకుండా పట్టిక ఒక్కటే దించుకోండి.