ఎస్కేపింగా, శానిటైజింగా?

యూజర్ రాసిన టెక్స్ట్‌లో కోడ్ ఉన్నా అది రన్ అవ్వకుండా సర్వర్ నుంచి బ్రౌజర్‌కి పంపాలంటే ఎస్కేపింగ్ (ప్రత్యేక గుర్తుల్ని మార్చి పంపడం), శానిటైజింగ్ (ప్రమాదకరమైన భాగాలు తీసేయడం) అని రెండు దారులున్నాయి, నన్నడిగితే చాలాచోట్ల ఎస్కేపింగే చాలు. లెస్ దాన్ గుర్తు వస్తే దాని బదులు యాంపర్సాండ్, ఎల్, టీ, సెమీకోలన్ పంపుతాం, అలా గ్రేటర్ దాన్, యాంపర్సాండ్, రెండు రకాల కోట్స్ కలిపి మొత్తం 5 గుర్తులు మారిస్తే పేజీలో అది ట్యాగ్‌లా, అంటే బ్రౌజర్‌కిచ్చే హెచ్‌టీఎంఎల్ ఆదేశంలా, పనిచేయదు, మామూలు అక్షరాల్లానే కనిపిస్తుంది. కాకపోతే సర్వర్‌లో ఒకసారి, పేజీ తయారుచేసే టెంప్లేట్‌లో ఇంకోసారి మార్చారంటే స్క్రీన్ మీద ఆ కోడ్ ముక్కలే కనిపిస్తాయి, నాకైతే ఒక సాయంత్రమంతా దీనికే పోయింది. డేటాబేస్‌లో ఉన్నదున్నట్టే దాచి, చూపించేటప్పుడే మార్చండి.

బోల్డ్, లింకులు నిజంగానే కావాలంటే మాత్రం శానిటైజింగ్ తప్పదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, స్క్రిప్ట్ ట్యాగ్ పీకేస్తే అయిపోయిందనుకుంటారు గానీ ఇమేజ్ ట్యాగ్‌లో తప్పు అడ్రస్ ఇచ్చి పక్కన ఆన్‌ఎర్రర్ (బొమ్మ లోడ్ కాకపోతే ఫలానా కోడ్ నడపమని చెప్పేది) పెట్టినా కోడ్ రన్ అయిపోతుంది, లింకు అడ్రస్ జావాస్క్రిప్ట్ కోలన్‌తో మొదలైనా అంతే, నొక్కగానే రన్ అవుతుంది. దయచేసి రెగెక్స్‌తో, అంటే అక్షరాల నమూనాలు వెతికే సూత్రాలతో, కుస్తీ పట్టొద్దు. ఏ ట్యాగులు ఉండొచ్చో లిస్ట్ ఇచ్చి డామ్‌ప్యూరిఫై లాంటి లైబ్రరీకి అప్పజెప్పండి, అది శుభ్రం చేసిచ్చాక ఆ స్ట్రింగ్‌ని మళ్లీ ముట్టుకోకండి.