అల్బరాసిన్‌లో రెండు రాత్రులు

స్పెయిన్‌లో పాత పల్లెటూరు చూడాలని ఎవరైనా అడిగితే నేను ముందు అల్బరాసిన్ పేరే చెప్తాను. తెరుయేల్ నగరం నుంచి 40 కిలోమీటర్ల లోపే, కానీ బస్సులు బాగా తక్కువ, అందుకే మేము వలెన్సియాలోనే కారు అద్దెకు తీసుకున్నాం.

మొదటి రాత్రి కింద రోడ్డు పక్కన హోటల్లో దిగాం. రూము పెద్దదే, పార్కింగ్ ఉంది, అయితే అర్ధరాత్రి హీటర్ ఆగిపోయింది, రిసెప్షన్‌లో ఎవరూ లేరు. 1,100 మీటర్లకు పైన ఉన్న ఊరు, అక్టోబరు చలి, పిల్లలతో తెల్లవార్లూ టెన్షనే. రెండో రాత్రికి పైన పాత ఊళ్లోని ఒక ఇంట్లోకి మారాం. సూట్‌కేసులు మోసుకుంటూ ఆ రాళ్ల మెట్లెక్కేసరికి ఒళ్లు హూనమైంది, అయినా మళ్లీ వెళ్తే అక్కడే ఉంటాను.

ఎందుకంటే ఈ ఊరి గొప్పతనమంతా గోడల్లోనే ఉంది. ఇక్కడ దొరికే జిప్సంతో చేసిన ఎర్రటి పూత, మధ్యలో చెక్క దూలాలు, సందుకు అటూ ఇటూ చూరులు దాదాపు తగిలేంత దగ్గర. పొద్దున్నే మా కిటికీ పక్క గోడ మీద చెయ్యి పెట్టి చూశాను, గరుగ్గా, చల్లగా ఉంది, ఎండ పడేకొద్దీ గులాబీ రంగు తేలింది. కాసా దె లా హూలియానెతా అనే ఇల్లయితే ఒక పక్కకి ఒరిగిపోయి అలాగే నిలబడి ఉంది, దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను.

11వ శతాబ్దంలో బనూ రజీన్ అనే బెర్బెర్ వంశం ఏలిన చిన్న రాజ్యానికి ఇదే రాజధాని, ఊరి పేరు కూడా వాళ్ల నుంచి వచ్చిందే. కొండ మీద అందాదోర్ బురుజు దాకా ప్రాకారం వెంట ఎక్కండి, సాయంత్రం అయితే ఇంకా మేలు, కింద గ్వాదలావియార్ నది ఊరిని చుట్టి పోవడం అక్కడి నుంచే సరిగ్గా కనిపిస్తుంది. కెథెడ్రల్‌కి గైడుతోనే వెళ్లాం. ఆయన స్పానిష్‌లోనే చెప్పారు, సగం అర్థం కాలేదు, అయినా డబ్బులు దండగ అనిపించలేదు.

భోజనం దగ్గరే శాకాహారులకు కష్టం. తెరుయేల్ హామోన్‌కి, అంటే ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసానికి, పేరున్న ప్రాంతం, రొట్టె ముక్కలతో చేసే మిగాస్‌లో కూడా మామూలుగా పంది మాంసం ఉంటుంది. మేము గుడ్లు, చీజ్, రొట్టెతో సరిపెట్టుకున్నాం. రాత్రి వంట మామూలుగా తొమ్మిది ప్రాంతంలోనే మొదలుపెడతారు, పిల్లలుంటే ఏదైనా కొని పెట్టుకోండి.

చివరి పూట రోదెనో పైన్ అడవికి కేటాయించండి. అక్కడ ప్రాదో దెల్ నవాథో దగ్గర రాతి మీద ఆదిమానవులు తెల్ల రంగుతో గీసిన ఎడ్ల బొమ్మలున్నాయి, కంచె ఇవతలి నుంచి చూడాలి. మా అబ్బాయి ఆ కమ్మీలు పట్టుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు.