గంజాం తీరంలో తుఫాను సాయం: టార్పాలిన్ గట్టిదే, ఫిర్యాదు పెట్టే ఉత్తుత్తిది

ఒడిశాలో గోపాల్‌పూర్ పక్క తెలుగు మత్స్యకార పల్లెల్లో తుఫాను సాయం పంచే ఓ సంస్థ సేవ గురించి. పేరు అనవసరం.

సరుకుకి వంక పెట్టలేం. టార్పాలిన్ 4 మీటర్లు బై 6, అంచు మందం, తాడు కన్నాలు చిరగవు.

గొడవంతా ఫిర్యాదు దగ్గరే. పెట్టె ఉన్నది సరుకు పంచే వాలంటీరు అరుగు మీద, తాళంచెవీ అతని దగ్గరే. అతని మీద చీటీ ఎవరు వేస్తారు? పెట్టె మీద రాత ఒడియాలోనే. ఒడియా మాట్లాడటం వేరు, చదవడం వేరు. టోల్‌ఫ్రీలోనూ తెలుగు లేదు. ఫిర్యాదు నంబరు ఇవ్వరు గనక మర్నాడు అడిగితే కథ మళ్ళీ మొదటికే.

సాయం చేసే సంస్థలు పాటించాల్సిన ప్రమాణం కోర్ హ్యుమానిటేరియన్ స్టాండర్డ్ అని ఒకటుంది. 2014లో వచ్చి 2024లో సవరించిన దానిలోని తొమ్మిది హామీల్లో ఐదోది ఇదే: భయం లేకుండా ఫిర్యాదు చేయగలగాలి, దానికి పరిష్కారం రావాలి. గోడ మీద పోస్టరు మాత్రం అందంగా వేశారు!

లబ్ధిదారుల జాబితా పంచకముందే సభలో తెలుగులో చదివించి, గోడకి అంటించమనండి, ఫొటో తీసుకోండి. సర్వేలో గడపలు లెక్కపెడతారు, పొయ్యిలు కాదు. అందుకే వేరు కాపురం పెట్టిన కొడుకుల పేర్లు, అద్దెకున్నవాళ్ళ పేర్లు ఎగిరిపోతాయి. నీళ్ళ విషయంలో స్ఫియర్ (విపత్తు సాయానికి అంతర్జాతీయ కనీస ప్రమాణాలు) లెక్క చెప్పండి: మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు, కుళాయికి 250 మందికి మించకూడదు. ఊరికే ‘చాలట్లేదు’ అంటే రాసుకుని వెళ్ళిపోతారు.

సాయానికి బదులుగా ఆడవాళ్ళని ఏదైనా అడిగితే ఆ పెట్టెలో వేయొద్దు. నేరుగా సంస్థ ప్రధాన కార్యాలయానికి, పోలీసులకి చెప్పాలి.

సరుకుకి 5లో 4. జవాబుదారీకి 1, అదీ పోస్టరుకే.