1888-ఓ హాట్ లిప్స్ అని ఇన్‌బాక్స్‌లోకి వస్తే జాగ్రత్త

కవరు చింపినప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. కోపం చల్లారితే మర్యాదగా రాసేస్తానేమోనని ఇప్పుడే రాస్తున్నా. అమెరికాలో మోర్గన్ డాలర్లు, అంటే పాత వెండి డాలర్ నాణేలు కొనే మన తెలుగువాళ్లలో ఈ పెద్దమనిషిని ఎరగనివాళ్లు తక్కువ. పేరు రాయను. "బయటివాళ్లకి ఇచ్చే ముందు మనవాళ్లకి చెబుదామని అన్నా" అంటూ మెసేజ్ పెట్టేది ఈయనే. మీకు అర్థమైపోయి ఉంటుంది.

నాకు అమ్మింది 1888 న్యూ ఆర్లీన్స్ టంకశాల డాలర్, దాని గుర్తు 'ఓ' అక్షరం. వామ్-4 (ఈ డాలర్ల డై రకాలకి ఇచ్చే కేటలాగ్ నంబరే వామ్), అంటే మనం హాట్ లిప్స్ అనేది. 350 డాలర్లు. "పేపాల్‌లో గూడ్స్ కింద పంపితే ఫీజు కోసేస్తారు, ఫ్రెండ్స్ కింద పంపెయ్ అన్నా" అన్నాడు. పంపాను. ఫ్రెండే కదా మరి! అలా పంపిన డబ్బుకి కొన్నవాళ్లకి రక్షణ ఉండదు, ఇప్పుడు వెనక్కి అడగడానికి దారే లేదు.

ఈ వెరైటీ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. నాణెం కొట్టే అచ్చుని డై అంటారు, ఆ డై మీదకి బొమ్మ దించే మూల అచ్చు హబ్. ఆ రోజుల్లో హబ్‌ని ఒక్కసారి నొక్కితే డై మీదకి బొమ్మ పూర్తిగా దిగేది కాదు. డైని కాల్చి, మెత్తబరిచి, మళ్లీ నొక్కాలి. రెండోసారి కాస్త పక్కకి జరిగితే, ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా బొమ్మ రెండుగా పడుతుంది. వామ్-4లో నాణెం మీది స్త్రీ బొమ్మ లిబర్టీ పెదవులు, ముక్కు, గడ్డం అన్నీ అలా పడ్డాయి. లూప్ (భూతద్దం) కూడా అక్కర్లేదు, తేనెటీగ కుట్టినట్టు పెదవి వాచి కనిపిస్తుంది. ఆయన వాట్సాప్‌లో పంపిన క్లోజప్‌లో అచ్చంగా అలాగే ఉంది. చెంప నున్నగా ఉంది, ఒక్క గీత లేదు. ఈ చెంప సంగతి గుర్తుపెట్టుకోండి.

వచ్చిన నాణెం అట్ట ఫ్లిప్‌లో ఉంది. చుట్టూ స్టేపుల్ పిన్నులు, పైన నల్ల పెన్నుతో "వామ్ 4". పదింతల లూప్ కింద పెట్టి చూస్తే పెదవి అంచున సన్నగా, చదునుగా, మెరుస్తూ ఒక మెట్టు. తారీఖులోని 8ల పక్కనా అదే మెట్టు. ఇది మెషిన్ డబ్లింగ్. నాణెం కొట్టేటప్పుడు డై వదులై కదిలితే, అప్పటికే పడిన బొమ్మ అంచుని నొక్కి చదును చేసేస్తుంది. రెండో పెదవి పుట్టదు సరికదా, ఉన్న పెదవే సన్నబడుతుంది. ఇలాంటివి కొల్లలుగా దొరుకుతాయి, ఎవరూ పైసా ఎక్కువ ఇవ్వరు.

దానికి తోడు చెంప మీద ఇంత పొడుగు గాటు. అంటే ఫోటోలోది ఈ నాణెమే కాదు!

ఫోన్ చేశాను. "ఫోటోలో చెంప మీద గాటు లేదు కదా" అన్నాను. కాసేపు మాట లేదు. తరవాత ఏమన్నాడో చదవండి.

"అన్నా, అది గాటు కాదు. స్కార్‌ఫేస్. నీకు అదృష్టం కలిసొచ్చింది."

1888-ఓలో స్కార్‌ఫేస్ అనే వెరైటీ నిజంగానే ఉంది. డై ముఖం మీదుగా పగిలింది. కానీ డై పగిలితే ఆ పగులులోకి వెండి ఎక్కి నాణెం మీద గీత ఉబ్బెత్తుగా వస్తుంది. నాకు వచ్చినది లోపలికి దిగిన గాటు, ఎవడో ఇనుప ముక్కతో గీసినట్టుంది. అదే చెప్పాను.

"నువ్వు ఎన్ని డాలర్లు చూశావ్? డబుల్ అన్నాను, డబుల్ కనబడుతోంది. ఏ డబులో నేను చెప్పానా? ఒక్క రేటుకి రెండు వెరైటీలు వచ్చాయి, లెక్కప్రకారం నువ్వే నాకు ఇంకా ఇవ్వాలి."

నవ్వాడు. పక్కన ఇంకెవరో కూడా నవ్వారు. ఫోన్ పెట్టేశాడు, వాట్సాప్‌లో బ్లాక్ చేశాడు. డబ్బు పోతే పోయింది, ఆ నవ్వు మాత్రం చెవుల్లోంచి పోవట్లేదు. ఫ్లిప్ మీద "వామ్ 4" అని రాసినవాడు ఏ డబులో చెప్పలేదట!

"దాదాపు మింట్ స్టేట్ అన్నా", అంటే దాదాపు అరగనిదే అని ఊరించినప్పుడే నాకు వెలగాల్సింది. హాట్ లిప్స్ దొరికేవన్నీ ఇంచుమించు అరిగినవే. తళతళలాడేది చూపిస్తే ముందు అనుమానించండి. క్లోజప్ ఒక్కటీ కాకుండా మొత్తం నాణెం నుంచి పెదవి దాకా ఆపకుండా తీసిన వీడియో అడగండి. ఇంత డబ్బు పెట్టేటప్పుడు నాణేల్ని పరీక్షించి సీలు వేసే పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థల హోల్డర్ మీద వామ్ నంబరు అచ్చయి ఉన్నదైతే కొంత నయం, హోల్డర్ మీది సర్టిఫికేట్ నంబరుని వాళ్ల సైట్‌లో సరిచూసుకోండి. డబ్బు మాత్రం ఫ్రెండ్స్ కింద పంపొద్దు.

ఇవాళ ఆయన సీసీ (కార్సన్ సిటీ టంకశాల గుర్తు) మీద 'ఓ' పడిన 1900 డాలర్ అని కొత్తది పెట్టాడట. కార్సన్ సిటీలో డాలర్లు కొట్టడం 1893తో ఆగిపోయాక మిగిలిన డైల మీదే 'ఓ' అక్షరం ముద్ర కొట్టి న్యూ ఆర్లీన్స్‌లో వాడారు, కాబట్టి ఆ అక్షరం చుట్టూ పాత సీసీ ఆనవాళ్లు కనబడాలి. అవెక్కడున్నాయో ఎవరైనా అడిగి, ఏమన్నాడో ఇక్కడ రాయండి. నేను అడగలేను, బ్లాక్‌లో ఉన్నాను.