పది మంది లేని చోట ఫిర్యాదు వస్తే ఏది మేలు?

చిన్న దుకాణాలకు, కార్ఖానాలకు లెక్కలు రాసే నన్ను యజమానులు తరచూ అడుగుతుంటారు: "మా దగ్గర ఉన్నది ఎనిమిది మందే. ఒకమ్మాయి వేధింపుల ఫిర్యాదు చేసింది. నేనే పిలిచి మాట్లాడాలా, కమిటీ వేయాలా, ఫిర్యాదును బయటి కమిటీకి పంపాలా?"

ముందు మనుషులను సరిగ్గా లెక్కపెట్టండి. పని చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం రోజు కూలీలు, కాంట్రాక్టు వారు, పని నేర్చుకుంటున్నవారు కూడా ఉద్యోగులే. అలా లెక్కిస్తే ఎనిమిది పన్నెండు కావచ్చు. పది మంది ఉంటే, ఇలాంటి ఫిర్యాదులను సంస్థలోనే విచారించే అంతర్గత కమిటీ తప్పనిసరి. వేయకపోతే 50,000 రూపాయల వరకు జరిమానా.

నిజంగానే పదికి లోపైతే, మీరే తేల్చడం సులువుగా కనిపిస్తుంది. త్వరగా అయిపోతుంది, బయటికి పొక్కదు. కానీ నేను మొదట చూసేది ఒకటే: ఫిర్యాదు ఎవరి మీదో ఆ మనిషి తీర్పు చెప్పేవారికి ఏమవుతాడు? చిన్నచోట అతను యజమాని బావమరిదో, పదిహేనేళ్లుగా తాళాలు చూసుకుంటున్న మేస్త్రీయో అయి ఉంటాడు. నాకు తెలిసిన ఒక కుట్టు కేంద్రంలో యజమాని ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "సర్దుకుపొండి" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆమె వారం తిరక్కుండానే పని మానేసింది. ఆ తర్వాత అక్కడి ఆడవాళ్లెవరూ ఆయనకు ఏదీ చెప్పుకోలేదు.

సొంతంగా చిన్న కమిటీ వేసినా, సభ్యులంతా అతని పక్కన కూర్చుని అన్నం తినేవాళ్లే.

అందుకే నేను జిల్లా స్థానిక కమిటీ వైపే, అంటే ఇలాంటి ఫిర్యాదుల కోసం ఈ చట్టం కింద జిల్లాలో ఏర్పాటయ్యే కమిటీ వైపే మొగ్గుతాను. పది మంది లేక అంతర్గత కమిటీ వేయని చోటి ఫిర్యాదులనూ, యజమాని మీదే వచ్చే ఫిర్యాదులనూ చట్టమే అక్కడికి పంపుతుంది. ఘటన జరిగిన మూడు నెలల లోపు రాసి ఇవ్వాలి. ఆమె రాయలేకపోతే కమిటీవారే సాయపడాలి. విచారణ 90 రోజుల్లో ముగించాలి. రాజీ ఆమె కోరితేనే, అదీ డబ్బుతో ముడిపెట్టకుండా. లోపం లేదనను. కమిటీ ఎక్కడుందో కనుక్కోవడానికే కాళ్లరిగేలా తిరగాల్సి రావచ్చు. కలెక్టరేటులో గానీ మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో గానీ అడగండి. ఆ తిరుగుడు మీరు తిరగండి, ఆమెను తిప్పకండి.

పోలీసుల దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. వెళ్తానంటే సాయం చేయడం మీ బాధ్యత.

విచారణ జరుగుతుండగానే కాదు, ముగిశాక కూడా పేర్లు దుకాణం దాటనివ్వకండి. షిఫ్టు మార్చాల్సి వస్తే అతనిది మార్చండి. ఆమె అడిగితే తప్ప ఆమె కుర్చీ కదపకండి.